పదమూడవ శిలాశాసనంలో కైరీనీ రాజు మగస్

ఉమ్మడి కర్నూలు జిల్లాకు తూర్పున నల్లమల అంచున మహానంది ఉండగా, పడమట పత్తికొండ ప్రాంతపు మెట్ట నేలలో, గుత్తికి చేరువలో ఎఱ్ఱగుడి ఉంది. అక్కడి బండలపై అశోకుని పధ్నాలుగు ప్రధాన శిలాశాసనాలు, లఘు శాసనాలు ఉన్నట్లు 1920ల చివర భూగర్భశాస్త్రజ్ఞుడు అనూ ఘోష్ గుర్తించాడు. ఎఱ్ఱగుడి అనగానే లఘు శాసనంలోని సర్పలేఖనం గుర్తుకు వస్తుంది. చరిత్ర విద్యార్థికి అంతకన్నా విలువైనది అక్కడి పదమూడవ శాసనమని నా అభిప్రాయం. కళింగ యుద్ధ పశ్చాత్తాపాన్ని తెలిపే ఈ శాసనాన్ని కళింగంలోని ధౌలి, జౌగడలలో చెక్కించలేదు, రాయలసీమలో చెక్కించారు.

ఈ శాసనం ఆంధ్రులను పుళిందులతో కలిపి పేర్కొంటుంది. యవనరాజు అంతియోకుణ్ణి, అతనికి ఆవల ఉన్న నలుగురు రాజులనూ పేర్కొంటుంది. ఆ నలుగురిలో ఒకని పేరు షాబాజ్‌గఢీ పాఠంలో ‘మక’, గిర్నార్ పాఠంలో ‘మగా’. ఇతడే నేటి లిబియా తీరంలోని కైరీనీ నగర పాలకుడు మగస్.

మగస్ తల్లి బెరెనికె. ఆమె ఈజిప్టు రాజు మొదటి టాలెమీని వివాహమాడటంతో మగస్ అతని సవతి కొడుకయ్యాడు. క్రీ.పూ. 300 ప్రాంతంలో మారుతండ్రి తరఫున కైరీనీ పాలనకు వచ్చి, ఆయన మరణానంతరం, క్రీ.పూ. 276 ప్రాంతంలో, తానే రాజునని ప్రకటించుకున్నాడు. సెల్యూకస్ వంశీయుడైన మొదటి అంతియోకుని కుమార్తె అపామాను పెండ్లాడి, సవతి తమ్ముడు రెండవ టాలెమీపై దండెత్తాడు. దారిలో ఉండగా వెనుక మర్మరీద సంచార తెగలు తిరుగుబాటు చేయడంతో వెనుదిరిగాడు. ఈజిప్టు సేన అతణ్ణి తరమలేకపోయింది. దాని గాల్ కిరాయి సైనికులే తిరగబడ్డారు. అతని మరణం తరువాత కుమార్తె బెరెనికె మూడవ టాలెమీని వివాహమాడగా కైరీనీ తిరిగి ఈజిప్టులో కలిసింది. స్వతంత్ర రాజ్యం ఒక్క తరమే నిలిచింది.

ఈజిప్టు దృష్టిలో అతడు తిరుగుబాటుదారు. అశోకుని శాసనం మాత్రం ‘తురమయ’ పక్కనే, అదే హోదాలో అతణ్ణి నిలిపింది. రెండు పక్షాలకూ చెందని సమకాలీన సాక్ష్యం కనుక దీనికి బరువుంది.

అసలు చిక్కు కాలనిర్ణయంలో ఉంది. మగస్ యాభై ఏండ్లు పాలించాడని అథీనియస్ గ్రంథం చెబుతుంది. ఆ యాభై ఏండ్లను క్రీ.పూ. 308 నుండి లెక్కిస్తే మరణం 258లో. 300 నుండి లెక్కిస్తే 250లో. అశోకుడు తన పట్టాభిషేకానంతరం పదమూడవ యేట ధర్మమహామాత్రులను నియమించినట్లు అయిదవ శాసనం చెబుతున్నది కనుక ఈ శాసనమాల అంతకు ముందుది కాజాలదు. పట్టాభిషేకం క్రీ.పూ. 268 ప్రాంతమైతే ఆ యేడు 255 అవుతుంది. మొదటి లెక్క ప్రకారం అప్పటికి మగస్ చనిపోయి మూడేండ్లు. వార్త పాటలీపుత్రానికి ఆలస్యంగా చేరిందనాలి, లేదా పట్టాభిషేకాన్ని వెనక్కి జరపాలి. రెండవ లెక్కకు ఈ ఇబ్బంది లేదు.

కొందరు మగస్ మరణాన్ని అశోకుని శాసనంతో నిర్ణయించి, అదే మరణంతో అశోకుని కాలాన్ని నిర్ణయిస్తున్నారు. ఇది చక్రకదోషం. మిగిలిన రాజులలో రెండవ అంతియోకుడు, రెండవ టాలెమీ 246 వరకు, అంతిగోనస్ 239 వరకు జీవించారు. కాబట్టి వారి తేదీలు ఈ వివాదాన్ని తీర్చవు. ‘అలికసుదర’ ఎపిరస్ రాజా, కొరింత్ పాలకుడా అన్నదీ తేలలేదు. కనుక పాఠ్యపుస్తకాలలోని అశోకుని పట్టాభిషేక సంవత్సరాన్ని ఉదహరించే సిద్ధాంత వ్యాసకర్త, మగస్ మరణానికి ఏ లెక్క తీసుకున్నాడో అదే పుటలో తెలపడం అవసరం.