అరగంట ఖరీదు

రెండు దేశాల కాలాన్ని ఒకే డయల్‌లో చూపే చేతిగడియారాన్ని వాచీల వర్తకంలో జీఎంటీ వాచీ అంటారు. మామూలు వాచీలోని మూడు ముళ్లకు తోడు ఇందులో రోజుకు ఒక్కటే చుట్టు తిరిగే నాలుగో ముల్లు ఉంటుంది. డయల్ అంచున గానీ, అద్దం చుట్టూ తిరిగే బెజెల్ అనే వలయం మీద గానీ ఒకటి నుంచి 24 దాకా వేసిన అంకెల్లో ఆ ముల్లు దేన్ని చూపితే అవతలి దేశంలో అప్పుడు అంత గంట అయిందన్నమాట. మామూలు గంటలముల్లు పగలు రెండింటికీ, రాత్రి రెండింటికీ ఒకేచోట నిలుస్తుంది గనుక దూరదేశంలో ఉన్న మనిషి పనిలో ఉన్నాడో, నిద్రలో ఉన్నాడో దానివల్ల తెలియదు. ఆ సంగతి చెప్పడానికే నాలుగో ముల్లు పుట్టింది. ఇదే యంత్రానికి 1950లు, 60ల నాటి విమానచోదకుల వాచీల రూపం తొడిగి, అంటే చిన్న కేసు, ఉబ్బెత్తు అద్దం, మీగడరంగు గుర్తులు, రెండు రంగుల బెజెల్ పెట్టి కొత్తగా తయారుచేసిన సరుకు ఇప్పుడు వింటేజ్ మోస్తరు పేరుతో అమ్ముడవుతోంది. ధర వేలల్లో మొదలై లక్షల్లోకి పోతుంది కాబట్టి, అందులో పనికి చెల్లేదెంత, సోకుకు చెల్లేదెంత అన్న లెక్క కొనేవాడికి అవసరం.

ఆ లెక్క వేయడానికి జెనీవా కన్నా చేజర్ల మెరుగైన చోటు. పల్నాటిలో కపోతేశ్వరాలయం ఉన్న చేజర్ల వేరు. ఇది నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు పక్కనున్న మండలకేంద్రం. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా పరుచుకున్న పడమటి మెట్టలో వాన మీద ఆధారపడ్డ సేద్యం చాలక, పొరుగున ఉన్న కడప జిల్లా వారితో పాటు ఇక్కడివారూ దశాబ్దాలుగా కువైట్‌కూ ఇతర గల్ఫ్ దేశాలకూ పనికి పోతున్నారు. తర్వాతి తరం ఇంజనీరింగు చదువులతో అమెరికా దారి పట్టింది. భారత కాలం కన్నా కువైట్, సౌదీ, ఖతార్ రెండున్నర గంటలు, దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక ఉంటాయి. డాలస్ చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక నడుస్తుంది. సింగపూర్ రెండున్నర గంటలు ముందుంటుంది. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఈ చోట్లలో ఒక్కదానికీ మనకూ మధ్య పూర్తి గంటల తేడా లేదు. జీఎంటీ వాచీ తయారీదారులు మాత్రం చాలావరకు పూర్తి గంటల తేడాను దృష్టిలో పెట్టుకునే యంత్రం కట్టారు. చేజర్లలో ఈ వాచీ విలువ తేల్చేది ఆ మిగిలిపోయిన అరగంటే.

ఈ అరగంటకు కారణం వలస పాలన నాటి సర్దుబాటు. అప్పట్లో బొంబాయి కాలం గ్రీనిచ్ కన్నా 4 గంటల 51 నిమిషాలు, కలకత్తా కాలం 5 గంటల 53 నిమిషాలు ముందు నడిచేవి. రైళ్లు మాత్రం మద్రాసు నక్షత్రశాల లెక్కకట్టిన 5 గంటల 21 నిమిషాల కాలాన్ని పాటించేవి. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకుని ఐదున్నర గంటల కాలాన్ని దేశమంతటికీ ప్రమాణం చేశారు. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా పోతుంది. చేజర్ల దానికి పడమరగా సుమారు మూడు డిగ్రీల దూరంలో ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడ నడినెత్తికి రావడానికి సగటున 12 నిమిషాలు అదనంగా పడుతుంది. ముహూర్తాలు చూసేవారికి ఇది కొత్త విషయం కాదు: పంచాంగ గణితం సూర్యోదయం మీద నడుస్తుంది గనుక నెల్లూరు పంచాంగంలోని రాహుకాలం డాలస్‌లో చెల్లదు, అక్కడికి వేరే లెక్క కట్టుకోవాల్సిందే. ఏ వాచీ ఆ పని చేయదు; అమ్మేవారు ఎంత ఊరించినా జీఎంటీ వాచీ చెప్పేది ప్రభుత్వాలు నిర్ణయించిన గంటనే.

పుట్టుక సంగతికి వస్తే, ఈ జాతికి ఆద్యుల్లో ఒకటి 1953లో వచ్చిన గ్లైసిన్ ఎయిర్‌మన్. జగమంతా అనుకరించే రూపం మాత్రం పాన్ అమెరికన్ విమానసంస్థ చోదకుల అవసరం కోసం రోలెక్స్ 1955లో తెచ్చిన జీఎంటీ మాస్టర్‌ది. పగటికి ఎరుపు, రాత్రికి నీలం వేసిన బెజెల్ దాని గుర్తు. మొదట్లో బేకలైట్ అనే పెళుసు ప్లాస్టిక్‌తో చేసిన ఆ వలయం పగుళ్లు పట్టడంతో కొద్దికాలానికే అల్యూమినియం వాడారు. నేడు వింటేజ్ మోస్తరుగా వచ్చే సరుకులో చాలాభాగం ఈ ఒక్క వాచీకి ప్రతిబింబమే. ఇక్కడ గమనించాల్సిన చిత్రం ఒకటుంది. ఆ తొలి వాచీలో నాలుగో ముల్లు మామూలు గంటలముల్లుతో ముడిపడి ఉండేది, దాన్ని విడిగా జరపడం కుదరదు. రెండో దేశపు కాలం కావాలంటే బెజెల్‌నే తిప్పుకోవాలి. ఆ బెజెల్ మెట్లు లేకుండా రాపిడి మీద తిరిగేది, కాబట్టి అరగంట దగ్గరైనా ఆగేది. నేడు రోలెక్స్ అమ్మే దాని వారసుడి బెజెల్ 24 మెట్లలో తిరుగుతుంది, మెట్టుకు గంట చొప్పున. యంత్రం మెరుగుపడింది, భారతీయుడి అరగంట ఒక్కటి జారిపోయింది.

యంత్రాల్లో ఇప్పుడు ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటి రకంలో వాచీకి కీ ఇచ్చే బొడిపెను ఒక మెట్టు బయటికి లాగి ఒకవైపు తిప్పితే తేదీ, ఇంకోవైపు తిప్పితే నాలుగో ముల్లు కదులుతాయి; ఆ ముల్లు గంటగంటకూ ఎగురుతూ జరుగుతుంది, మిగతా ముళ్లు తమ నడక తాము నడుస్తాయి. ఇంటిపట్టున ఉండి దూరదేశానికి ఫోన్ చేసేవారికి అనువైనది గనుక దీన్ని కాలర్ రకం అంటారు. స్విట్జర్లాండ్‌లో ఈటీఏ 2893, జపాన్‌లో సీకో 4ఆర్34 ఈ కోవలోవి. రెండో రకంలో నాలుగో ముల్లు కదలకుండా మామూలు గంటలముల్లే గంటగంటకూ ఎగురుతుంది, తేదీ దానితోపాటే మారుతుంది. విమానం దిగగానే క్షణంలో స్థానిక కాలానికి మార్చుకోవచ్చు గనుక ఇది ఫ్లయర్ రకం. సిటిజన్ కుటుంబానికి చెందిన మియోటా 9075 వచ్చాక ఈ రకం చిన్న కంపెనీలకూ అందింది, అంతకుముందు ఖరీదైన వాచీలకే పరిమితమై ఉండేది. ఫ్లయర్ రకమే అసలైన జీఎంటీ అని, కాలర్ రకం నకలని వాచీల మీద మోజున్నవారు తరచూ తీసిపారేస్తుంటారు. ఇది నెలకు నాలుగు దేశాలు తిరిగేవాడి దృష్టి. రెండేళ్లకొకసారి సెలవు మీద ఇంటికి వచ్చే కువైట్ డ్రైవరుకూ, ఏటా మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అమెరికా గంట మార్చినప్పుడల్లా నాలుగో ముల్లును ఒక్క గంట జరుపుకుంటే చాలనుకునే తల్లిదండ్రులకూ కాలర్ రకమే సుఖం. వీరు ఫ్లయర్ రకం కోసం అదనపు డబ్బు పెట్టడం దండగ.

రెండు రకాల్లోనూ ఎగిరే ముల్లు గంటకొక మెట్టే ఎగురుతుంది కాబట్టి అరగంటకు వేరే ఉపాయం కావాలి. కువైట్‌లో సాయంత్రం ఆరయితే చేజర్లలో ఎనిమిదిన్నర. నాలుగో ముల్లును రెండు గంటలు ముందుకు పెట్టుకుని అరగంటను మనసులో కలుపుకోవడం తేలికైన దారి. చాలామంది చేసేది అదే. రెండో దారి బెజెల్‌ది. నాలుగో ముల్లును కూడా కువైట్ కాలానికే పెట్టి, బెజెల్‌ను రెండున్నర గంటలు ఎడమకు తిప్పితే ముల్లు కొస 20కీ 21కీ నట్టనడుమ, అంటే రాత్రి ఎనిమిదిన్నర దగ్గర నిలుస్తుంది. ఇది జరగాలంటే బెజెల్ 48 మెట్లలో గానీ, మెట్లే లేకుండా గానీ తిరగాలి. మూడో దారి వాచీ మెకానిక్‌ది: రోజుకు ఒక చుట్టంటే గంటకు 15 డిగ్రీలు, అరగంటకు ఏడున్నర డిగ్రీలు, నాలుగో ముల్లును ఊడదీసి ఆ ఏడున్నర డిగ్రీలు పక్కకు జరిపి తిరిగి బిగిస్తే, నిమిషాలముల్లు పన్నెండు మీదున్నప్పుడు అది రెండు అంకెల మధ్య నిలిచి ఎప్పటికీ అరగంట తేడానే చూపుతుంది. చెయ్యి తిరిగినవారికి ఇది పెద్ద పని కాదు గానీ, కంపెనీ వారంటీ మీద ఆశ వదులుకోవాలి. ఇవేవీ వద్దనుకునేవారికి రెండు విడి యంత్రాలను ఒకే కేసులో బిగించిన వాచీలు ఉన్నాయి. జీపీఎస్‌తో కాలం పట్టుకునే సీకో ఆస్ట్రాన్ 2012 నుంచీ ఉంది. కొన్ని వేల రూపాయలకే దొరికి, 31 కాలమండలాలను అరగంటలతో సహా చూపి, ఒక్క సెల్లుతో పదేళ్లు నడిచే కాసియో ఏఈ 1200 కూడా ఉంది. ఇక లండన్‌లో కొడుకున్న వారికి పైసా ఖర్చు లేదు: చలికాలంలో మామూలు వాచీని తలకిందులుగా పట్టుకుంటే, గంటలముల్లు అరగంట వెనకబడినట్టు కనిపించినా, చదివేది ఇంచుమించు లండన్ కాలమే.

కాసియోతో పని జరుగుతున్నప్పుడు నలభై వేలు, నాలుగు లక్షలు ఎందుకన్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు రూపం, చేతికి తగిలే తృప్తి. అందులో తప్పు లేదు, అయితే ఆ రూపంలో ఏది నిజమో ఏది పూతో తెలియాలి. పాత వాచీల ముళ్ల మీద చీకట్లో వెలిగేందుకు మొదట రేడియం, 1960ల నుంచి ట్రిటియం పూసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత తెలుపు నుంచి మీగడరంగుకు, తేనెరంగుకు తిరిగేది. ట్రిటియం శక్తి 12 ఏళ్లకు కొంచెం పైన సగానికి పడిపోతుంది, అందువల్ల నిజమైన పాత వాచీ చీకట్లో వెలగదు. కొత్త వాచీల్లో రేడియోధార్మికత లేని పదార్థానికే ఫ్యాక్టరీలో మీగడరంగు కలుపుతారు. ఆ రంగుకు ఖర్చు ఏమంత ఉండదు, ధరలో మాత్రం దాని వాటా పెద్దది. మరోపక్క అసలైన పాతవాటిని నమ్మడమూ కష్టమే. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీలు ఒకప్పుడు ప్రతి పెళ్లికొడుకు చేతికీ ఉండేవి. ఆ కంపెనీ మూతపడే సరికి వాటికి గిరాకీ పెరిగి, డయల్‌కు కొత్త రంగు పూసి, వేర్వేరు వాచీల భాగాలను జతచేసి అమ్మడం వ్యాపారమైపోయింది. గల్ఫ్ నుంచి వచ్చిన సీకో ఫైవ్, రాడోల గతీ అదే. ఈ లెక్కన, పాతదని చెప్పి అమ్మే మాయ డయల్ కన్నా పాతదానిలా ఉన్నానని ఒప్పుకునే కొత్త వాచీయే నయం.

ధరల విషయంలో రెండు ఉదాహరణలు చాలు. సీకో ఫైవ్ స్పోర్ట్స్ జీఎంటీ 2022లో అమెరికాలో 475 డాలర్లకు విడుదలైంది. కాలర్ రకం, బెజెల్ మెట్లు లేకుండా తిరుగుతుంది, కంపెనీ హామీ ప్రకారం రోజుకు 45 సెకన్లు ముందుకో, 35 సెకన్లు వెనక్కో పోవచ్చు. 2018లో వచ్చిన ట్యూడర్ బ్లాక్ బే జీఎంటీ అప్పట్లో దాదాపు 4,000 డాలర్లు. ఫ్లయర్ రకం, బెజెల్‌కు 48 మెట్లు, రోజుకు సగటున 6 సెకన్లు ముందుకో, 4 సెకన్లు వెనక్కో మించి తేడా రాదన్న క్రోనోమీటర్ ధ్రువపత్రం ఉంది. అరగంట పరీక్షలో రెండూ నెగ్గాయి. ఎనిమిది రెట్ల తేడాకు బదులుగా దక్కేది కచ్చితత్వం, పనితనం, పేరు. ఆ కచ్చితత్వాన్ని కూడా నెలకు 15, 20 సెకన్లే తప్పే మామూలు సెల్లు వాచీ వెక్కిరిస్తుంది. దిగుమతి సుంకం, 18 శాతం జీఎస్టీ ధరకు తోడవుతాయి. 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల స్విస్ వాచీల సుంకం దశలవారీగా తగ్గాల్సి ఉంది కాబట్టి తొందర లేనివారు ఆగినా నష్టం లేదు. అయిదారేళ్లకోసారి సర్వీసింగ్ ఖర్చు ఎలాగూ తప్పదు. నెల్లూరులోనో ఆత్మకూరులోనో విడిభాగం తెప్పించి బాగుచేయగల సామాన్య యంత్రమా, విప్పాలంటే సొంత దేశానికే పంపాల్సిన ప్రత్యేక యంత్రమా అన్నది కొనే రోజున అడిగేవారు తక్కువ, పదేళ్ల తర్వాత బాధపడేవారు ఎక్కువ.

దుకాణంలో చూడాల్సినవి కంటితో తేలిపోతాయి. నిమిషాలముల్లును పన్నెండు మీద నిలిపి, నాలుగో ముల్లు తన గీత మీద సరిగ్గా కూర్చుందో లేదో గమనించాలి. బెజెల్‌ను కుదిపి చూస్తే వదులు తెలుస్తుంది; దాని మీది 24 గుర్తు డయల్‌పై పన్నెండు గీతతో కలవకపోతే ఆ వాచీని పక్కన పెట్టాలి. ఉబ్బెత్తు అద్దం ప్లాస్టిక్‌దైతే గీతలు పడినా పాలిష్‌తో పోతాయి, నీలపురాయి అద్దమైతే గీతలు పడవు గానీ దెబ్బకు పగులుతుంది. పాత సొగసు కోసం ఇచ్చే తోలు బెల్టు రోహిణి కార్తె చెమటకు ఒక్క ఎండాకాలం ఓర్చుకోదు, స్టీలు చైనే తీసుకోవాలి.

చేజర్ల లెక్క చివరికి ఇలా తేలుతుంది. ఇంట్లో ఉండి కువైట్‌కో డాలస్‌కో ఫోన్ చేసేవారికి కాసియో చాలు. చూడముచ్చటైన ముళ్ల వాచీ కావాలనుకునే వారికి కాలర్ రకం యంత్రం, అరగంట దగ్గర ఆగే బెజెల్, నెల్లూరులో బాగయ్యే సామాన్య భాగాలు ఉండి, యాభై వేల లోపు దొరికేది న్యాయమైన ధర. అంతకు మించి పెట్టే ప్రతి రూపాయీ సోకు ఖాతాలోదే. బెజెల్ అరగంట దగ్గర ఆగని జీఎంటీ వాచీని మాత్రం, ఎంత తక్కువకు వచ్చినా, తెలుగువాడు కొననవసరం లేదు.