కుంటాల నీళ్లకు మూడు ఫొటోలు

మా చిలకలగూడ సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. పుట్టిల్లు ఆదిలాబాదు వైపు. భర్త రైల్వేలో పనిచేసి రిటైరై, కొన్నేళ్ల క్రితం ప్రభువునందు నిద్రించారు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కుంటాల జలపాతానికి వెళ్లి, కింద ఒక నల్లబండ మీద కూర్చుని సద్ది తిన్నారట. ఇప్పుడామె మోకాళ్లు సహకరించవు. అక్కడ కిందికి దిగాలంటే దాదాపు నాలుగు వందల మెట్లు.

"అయ్యగారూ, యౌవనస్థులను తీసుకుని అటు వెళ్తున్నారంట గదా. ఆ బండ ఫొటో పట్టుకురండి" అన్నారు.

చదువరులలో చూడనివారి కోసం ఒక మాట. కుంటాల ఆదిలాబాదు జిల్లా నేరడిగొండ మండలంలో ఉంది. కడెం నది అక్కడ సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి రాళ్ల మీదుగా అంచెలంచెలుగా దూకుతుంది. వానలు బాగా పడిన తర్వాత చూడాలి.

నా దగ్గరున్నది సంఘ కార్యక్రమాలకు వాడే పాత డిజిటల్ కెమెరా. సంతోషంగా ఫొటో తీసి, ప్రింటు వేయించి, తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "దుప్పటి ఆరేసినట్టుంది అయ్యగారూ. మేం కూర్చున్న బండ ఏదీ?" అన్నారు. నిజమే. నీళ్లు గీత కూడా లేకుండా తెల్లబారాయి. బండలన్నీ కలిసి ఒకే మసిముద్ద.

తప్పు నాదే గాని, కారణం తెలుసుకోవడం మంచిది. పట్టపగలు మీ ఇంట్లో చీకటి గదిలో నిలబడి వాకిలి వైపు ఫొటో తీసి చూడండి. బయట తెల్లబోతుంది, లేదా లోపలి మనుషులు నల్లబడతారు. మన కన్ను వెలుగు వైపు తిరిగితే పాపను చిన్నది చేసుకుంటుంది, నీడ వైపు తిరిగితే పెద్దది చేసుకుంటుంది. కెమెరా ఒక్క ఫొటోలో అంతటికీ ఒకే కొలత వేస్తుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. 1886లో మన సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన లాలా దీన్‌దయాళ్ గారు గాజు పలకల కాలంవారు. నాటి పలకలకు నీలి వెలుగు ఎక్కువగా తగిలేది, ఆకాశం వట్టి తెలుపుగా మిగిలేది. అంతకు ముందే, 1850లలో, ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక పలక మీద, ఆకాశాన్ని మరో పలక మీద తీసి రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు.

మరుసటి ఏడు వానల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి మూడు కాళ్ల స్టాండు పట్టుకెళ్లాను. మా కుర్రవాడొకడు మడుగు అంచున నిలబెడదామన్నాడు. గట్టిగా కోప్పడ్డాను. ఆ మడుగుల్లో ప్రాణాలు పోయిన వార్తలు ఎన్నిసార్లు చదవలేదు? పాచి పట్టిన రాయి పాదాన్ని నిలవనివ్వదు. వెనక్కి, ఆరిన బండ మీదే పెట్టాం.

కదలకుండా ఒకే చోటి నుండి మూడు ఫొటోలు తీశాను. మధ్యది సెకనులో 15వ వంతు, చీకటిది 60వ వంతు, వెలుగుది నాలుగో వంతు. అంటే ఒక్కో మెట్టుకు వెలుగు నాలుగు రెట్లు తేడా. మార్చవలసింది ఈ సమయం ఒక్కటే. లెన్సు రంధ్రాన్ని మారిస్తే దూరపు వస్తువుల స్పష్టత మారిపోయి మూడూ ఒకదానితో ఒకటి కలవవు. వేలి అదురు తగలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టాను. తుంపర పడిన అద్దాన్ని ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచాను. ఈ పని మరచిపోతే మిగతా కష్టమంతా వృథా.

ఇంటికొచ్చాక కంప్యూటరులో మూడింటినీ ఒకదానిపై ఒకటి పేర్చాను. మొదట యంత్రాన్నే కలపమన్నాను. బండలు చక్కగా వచ్చాయి, నీళ్లు మాత్రం పాడయ్యాయి. నీరు ఆగదు గదా! 60వ వంతులో చినుకులు విడివిడిగా కనిపిస్తాయి, నాలుగో వంతులో ఏకిన దూదిలా సాగుతాయి. రెండూ కలిస్తే దయ్యపు నీడలా మసక. అందుకే నీళ్లను చీకటి ఫొటో ఒక్కదాని నుండే తీసుకుని కొద్దిగా వెలుగు పెంచాను. బండలు వెలుగు ఫొటోవి, చెట్లు, ఆకాశం మధ్యదానివి. ప్రతి పొరకూ ఒక ముసుగు ఉంటుంది. దానిమీద తెలుపు పూసినచోట ఆ పొర కనిపిస్తుంది, నలుపు పూసినచోట దాగిపోతుంది. అంచుల్లో మెత్తటి కుంచె వాడకపోతే కత్తెరతో కోసి అంటించినట్టుంటుంది. నాకు మూడు సాయంత్రాలు పట్టింది. నేటి సెల్‌ఫోన్లు ఇలాంటి పనిని క్షణంలో వాటంతట అవే చేస్తున్నాయి, దూకే నీటి దగ్గర మాత్రం అప్పుడప్పుడు తడబడతాయి.

ఇలా కలపడం అబద్ధం కాదా అని మా ఇంట్లో అడిగారు. నేనూ ఆలోచించాను. మూడూ ఒకే చోట, నిమిషం లోపల తీసినవి, అక్కడ లేనిదేదీ చేర్చలేదు. లె గ్రే ఒకే మేఘాల పలకను వేర్వేరు సముద్ర చిత్రాలకు వాడాడు. ఎంత అందంగా ఉన్నా, ఆ పని నేను చేయను. ఆ పెద్దావిడకు నేను మాటిచ్చింది కుంటాల గురించి.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రింటు ఆమె చేతిలో పెట్టాను. ఈసారి కళ్లజోడు కూడా సవరించుకోలేదు. కుడిపక్కన, నీళ్లకు కాస్త ఎడంగా ఉన్న బండ మీద వేలు పెట్టారు.

"ఇదే. ఆయన ఇటు కూర్చున్నారు. సద్ది మూట ఇక్కడ పెట్టుకున్నాం." కాసేపాగి, "అప్పుడు నీళ్లు ఇంకా ఎక్కువ అయ్యగారూ" అన్నారు. తర్వాత, కూతురికి పంపడానికి ఇంకో కాపీ కావాలని అడిగారు.