కాలేయపు క్యాన్సరు: నొప్పి లేనప్పుడే పరీక్ష

మన పల్లెలలో కార్జమని పిలుచు కాలేయము మిక్కిలి ఓర్పుగల అవయవము. దాని లోపలి భాగమునకు నొప్పి తెలియదు. అందుచేత అందులో క్యాన్సరు గడ్డ పుట్టి, పెరిగి, పైపొరను సాగదీయువరకును మనిషి తన పొలము పనులు తాను చేసికొనుచునే యుండును. కుడిడొక్కలో నొప్పి, ఆకలి తగ్గుట, శరీరము చిక్కుట, పొట్టలో నీరు చేరుట, కన్నులు పచ్చబడుట కనిపించునాటికి వ్యాధి తరచుగా శస్త్రచికిత్సకు అందని స్థితికి చేరియుండును. ఆ మీదట పసరుమందులతో మరికొన్ని వారములు గడచిపోవుటయు మన మెరిగినదే.

కావున లక్షణములకై వేచియుండరాదు. అట్లని ఊరిలో అందరికిని పరీక్షలు అక్కరలేదు. ఈ క్యాన్సరు సాధారణముగా ఏండ్ల తరబడి దెబ్బతినిన కాలేయముననే పుట్టును. హెపటైటిస్ బి, సి వైరసులు, మద్యపానము, మధుమేహ స్థూలకాయములతో చేరు కొవ్వు కాలేయమును క్రమముగా గట్టిపరచును. ఈ స్థితిని వైద్యులు సిర్రోసిస్ అందురు. బి వైరసు మాత్రము సిర్రోసిస్ రాకమునుపే క్యాన్సరును కలిగింపగలదు. బూజుపట్టిన వేరుసెనగలో నుండు అఫ్లటాక్సిను అను విషము ముప్పును హెచ్చించును. అట్టి కాయలను పశువులకు వేయుటయు తగదు. ఆ విషము పాలలోనికి దిగును.

సిర్రోసిస్ ఉన్నవారును, బి వైరసు గలవారిలో వైద్యుడు సూచించినవారును ఆరు నెలలకొకమారు అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొనవలెను. దానితోపాటు రక్తములో ఆల్ఫా ఫీటోప్రోటీనును చూతురు. రక్తపరీక్ష ఒక్కటే చాలదు. చిన్నగడ్డ యున్నను అది సరిగానే యుండవచ్చును. ఒక సెంటీమీటరుగాని అంతకుమించిగాని గడ్డ కనబడినచో రక్తనాళములోనికి మందెక్కించి సి.టి. లేక ఎం.ఆర్.ఐ. తీయుదురు. క్యాన్సరు గడ్డ ఆ మందును మొదట వేగముగా పీల్చి, చుట్టునున్న భాగముకంటె ముందే విడుచును. సిర్రోసిస్ రోగిలో ఈ గుర్తు స్పష్టముగా నున్నచో సూదితో ముక్క తీయకయే వ్యాధిని నిర్ణయింపగలరు. గడ్డ చిన్నదైనప్పుడు కోసివేయుటకో, వేడితో మాడ్చుటకో, కొందరికి కాలేయమార్పిడికో అవకాశముండును.

2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద ఈ వైరసులకు పరీక్షలును మందులును ఉచితము. బిడ్డ పుట్టిన 24 గంటలలో బి టీకా వేయించవలెను.

వైరసు గలవారి పేర్లు రచ్చబండపై చెప్పరాదని సభ్యులకు మనవి. కలిసి భుజించినంత మాత్రమున బి, సి వైరసులు అంటవు. వెలివేతురను భయమే జనులను పరీక్షకు రానీయదు. ఆ దినపు కూలి పోవుననియు, పట్టణమునకు తోడు లేదనియు ఆరు నెలల పరీక్షను మానుకొనువారును కలరు. అట్టివారికి తోడు ఏర్పరచుట పంచాయతీ సభ్యులు చేయదగిన పని.