రవ్వంత నికెల్ లేక ఆరిపోయే మంట

గోదావరిఖనిలో బొగ్గు గనికి వెళ్ళేవాళ్ళున్న ఇళ్ళ పిల్లలకు మీథేన్ పేరు కొత్త కాదు. గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్ళ దాకా అది కలిసిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. భూగర్భ గనుల్లో అది పోగుపడకుండా పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలి ఆడిస్తారు. ఇదే మీథేన్ మరోచోట మనకు అన్నం వండిపెడుతుంది. గోబర్ గ్యాసులో సగానికి పైగా ఉండేది ఇదే!

పేడ బదులు మిగిలిన అన్నం, కూరగాయల తొక్కులు తొట్టెలో వేస్తే గ్యాసు వస్తుందా? పేడకంటే ఎక్కువే వస్తుంది. పేడ అంటే పశువు సారం పీల్చుకోగా మిగిలిందే కదా! హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్లో ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞుల పద్ధతితో కట్టిన ప్లాంటు ఉంది. రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు వస్తోందని 2021లో దేశమంతా చెప్పుకున్నారు.

అయితే ఒక చిక్కుంది. పేడ ఊసే లేకుండా వంటింటి మిగుళ్ళే వేస్తూ పోతే, కొన్ని నెలలకు గ్యాసు తగ్గి తొట్టె పులిసిపోవచ్చు. తిండి పుష్కలంగా ఉంది. మరి లోపం ఎక్కడ?

తొట్టెలో పని చేసేవి రెండు జట్ల సూక్ష్మజీవులు. మొదటి జట్టు అన్నాన్ని విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. రెండో జట్టు ఆ ఆమ్లాల నుంచి మీథేన్ చేస్తుంది. ఇవి బాక్టీరియాలా కనిపించే ఆర్కియా. నిదానంగా పెరుగుతాయి. ఇవి మందగిస్తే ఆమ్లాలు పేరుకుపోతాయి. అదే పులుపు.

ఈ రెండో జట్టుకు నికెల్ కావాలి! జర్మనీలోని మార్బుర్గ్‌లో థావర్, ఆయన సహచరులు 1979లో ఈ సంగతి చూపించారు. మీథేన్ తయారయ్యే ఆఖరి మెట్టులో ఎఫ్-430 అనే పసుపుపచ్చని పదార్థం పనిచేస్తుంది. దాని నడుమ ఒక నికెల్ పరమాణువు కూర్చుని ఉంటుంది. ఇది మనకు తెలిసిన కుటుంబమే. ఇలాంటి ఉంగరపు చట్రంలో ఇనుము ఉంటే రక్తంలోని ఎర్రని హీమ్, మెగ్నీషియం ఉంటే ఆకులోని పత్రహరితం, కోబాల్ట్ ఉంటే బి-12 విటమిన్. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు అన్నీ దాయాదులే! మీథేన్ చేసే ఆర్కియాకు కోబాల్ట్, ఇనుము కూడా అవసరమే.

పేడలో ఈ లోహాలు సహజంగానే ఉంటాయి, పైగా ఆ ఆర్కియా కూడా పశువు పొట్టలోంచే వస్తాయి. అన్నం మెతుకుల్లో లోహాలు బహు తక్కువ.

ఎంత కావాలి? లీటరుకు మిల్లీగ్రాములో కొద్ది భాగం. వెయ్యి లీటర్ల తొట్టెకు గ్రాము కూడా అక్కర్లేదన్నమాట. ఎక్కువైతే అదే నికెల్ ఆర్కియాకు విషం. లోహం ఉన్నా అందకపోవడమూ ఉంది. కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు లోహాలను పట్టుకుని, కరగని నల్లని మడ్డిగా అడుక్కు దించేస్తుంది. అందుకే కొందరు ఇనుప లవణాలు కలుపుతారు. సల్ఫైడు ఇనుముతో కలిసిపోతుంది, వాసనా తగ్గుతుంది.

రామగుండం విద్యుత్కేంద్రం బూడిదలో నికెల్ ఉంటుందిగా, ఒక దోసెడు వేస్తే సరి అంటారేమో! ఆ బూడిదలో సీసం, ఆర్సెనిక్ కూడా ఉంటాయి. తొట్టెలోంచి వచ్చే ఎరువు పొలానికి పోతుంది, అక్కణ్ణించి మన కంచంలోకి వస్తుంది. పెద్ద ప్లాంట్లలోనైతే ద్రవాన్ని పరీక్షించి, ఏ లోహం తక్కువైందో చూసి, తూచి కలుపుతారు. హాస్టలు తొట్టెకు ఆ హంగామా ఎందుకు? అన్నం మెతుకులతో పాటు కాస్త పేడ పడుతూ ఉంటే చాలు.