కలంకారి సోదరికొక వెబ్‌సైటు

శ్రీకాళహస్తిలో కలంకారి వేయు నొక యింటికి బోయి, "ఇంతవఱకు మీరు వేసినవి కొన్ని చూపుడమ్మా" యని యడిగినచో, ఆ యిల్లాలు తఱచుగా చేతిలో నున్న సగము పనిని మాత్రమే చూపగలదు. పూర్తియైనవి పూర్తియైనట్లే యమ్ముడుపోయి యుండును. బెంగుళూరులోనో చెన్నపట్టణములోనో ఆ చీరను గట్టుకొన్న సోదరికి దుకాణము పేరు తెలియును; గీత గీసిన చేతి పేరు తెలియదు. ఇరువది యేండ్లు కలము పట్టియు, క్రొత్తవారు వచ్చినప్పుడు చూపుటకేమియు మిగులకుండుట యెంత కష్టము!

ఈ కొఱతను దీర్చుటకు వెబ్‌సైటు పనికివచ్చును. ఒకరి యొద్ద జీతమునకు గాక స్వతంత్రముగా పని చేయు చిత్రకారులు తమ పనులనేఱి కూర్చి చూపు సంపుటమును పోర్ట్‌ఫోలియో యందురు. పూర్వమది యట్టల సంచిలో నుండెడిది; ఇప్పుడు ఫోనులో దెఱచి చూచునట్లు ఇంటర్నెట్టున నుంచుచున్నారు. తిరుపతిలో నింట గూర్చుండి శుభలేఖలు దిద్దువారికిని, చిత్తూరులో రవికెలపై పూలు కుట్టువారికిని నిదే మార్గము. నాకు కాళహస్తి పనియందు మక్కువ గావున దానినే యుదాహరణముగా గైకొనుచున్నాను.

ఒకప్పుడు దేవాలయములందు వ్రేలాడదీయు తెరలకు పేరుపడిన యీ విద్య క్షీణించుచుండగా, 1950ల యందు కమలాదేవీ చట్టోపాధ్యాయ గారి పూనికతో కాళహస్తిలో శిక్షణకేంద్ర మేర్పడి మరల నిలద్రొక్కుకొన్నది. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ లభించినది. నేడీ పని చేయువారిలో స్త్రీలనేకులు. బిరుదములు కొందఱికే వచ్చును గాని, పేరు మాత్రమందఱికిని గావలయును గదా!

సైటనగానే పది పుటలు, కదలెడి బొమ్మలు, పాటలు నుండవలయునని భ్రమపడకుడు. ఒక్క పుట చాలును. పైన పేరు, దాని క్రింద తాను చేయు పని యేమో యొక్క వాక్యము, పిమ్మట బొమ్మలు, తుదకు తన్ను గూర్చి నాలుగు మాటలు, ఫోను సంఖ్య. గూగుల్ సైట్సు వంటి యుచిత సాధనములతో, కంప్యూటరు భాష లేమియు నేర్వకయే యింతమాత్రము తయారుచేసికొనవచ్చును.

కష్టమైనది బొమ్మల నేఱుట. వేసినవన్నియు బెట్టవలయునని మనసు కొట్టుకొనును. ఎనిమిదో పదియో చాలును. చూచువారు మీ యుత్తమమైన పనిని గాక, అన్నిటిలో బలహీనమైన దానిని బట్టియే మిమ్ము నంచనా వేయుదురు. ఎట్టి పనులు మఱల రావలెనని మీరు కోరుదురో అట్టివానినే ముందుంచుడు. చీరలు వేయుట విసుగై గోడతెరలు వేయ దలచినచో, చీరలతో పుట నింపి ప్రయోజనమేమి?

ఫోటోలను మిట్టమధ్యాహ్నపు టెండలో దీయరాదు; వేళ్ల నుండి తీసిన యెఱుపు వెలవెలబోవును. ఉదయము నీడపట్టున, బట్టను ముడుతలు లేకుండ పఱచి తీయుడు. ప్రతి పనికి రెండు బొమ్మలుండవలెను: ఒకటి మొత్తము, రెండవది మిక్కిలి దగ్గఱ నుండి. స్క్రీన్ అచ్చు వేసిన బట్టలను కలంకారి యని యమ్ముచున్న యీ దినములలో ఆ రెండవ బొమ్మయే సాక్ష్యము. వెదురుపుల్లకు గుడ్డ చుట్టిన కలము నుండి దిగిన గీత యొకచోట లావుగను నొకచోట సన్నముగను నుండును. అచ్చులో నా జీవము రాదు. ఫోను తీసిన బొమ్మ పలుమార్లు నాలుగైదు మెగాబైట్లుండును. దానిని రెండు మూడు వందల కిలోబైట్లకు దగ్గించినచో పల్లెలో గూడ పుట త్వరగా తెఱచుకొనును, దొంగిలించి పెద్దదిగా నచ్చు వేయుటయు కష్టమగును. బొమ్మకడ్డముగా పెద్ద యక్షరములతో పేరు వేయుట నాకు సమ్మతము గాదు. అది ముఖమునకు మసి పూసినట్లుండును.

బొమ్మ క్రింద వ్రాయు మాటలను చాలమంది యుపేక్షింతురు. "అందమైన కలంకారి" యన్న నెవరికేమి తెలియును? కథ యేది, బట్ట యేది, కొలత యెంత, ఎన్ని దినములు పట్టినది, యివి వ్రాయుడు. కరక్కాయ కషాయమున పాలు కలిపి బట్టను నానవేయుట, బెల్లము తుప్పుపట్టిన యినుము నీట నూరవేసి నల్లని కసిమి తయారుచేయుట, పటిక పూసి యెఱుపు రప్పించుట, మరల మరల నుదుకుట: ఈ క్రమమును మూడు నాలుగు బొమ్మలతో చూపినచో, ధర యేల యంత యన్న ప్రశ్నకు వేఱుగా జవాబు చెప్పనక్కఱలేదు. శ్రీకాళహస్తి కలంకారికి 2005-06లో భౌగోళిక గుర్తింపు లభించినది. అధీకృత వాడుకరిగా నమోదైన వారు ఆ సంగతిని దప్పక వ్రాయవలెను. దుకాణమువారు చేయించుకొన్న పనినైనచో, వారినడిగి మఱి పెట్టుట మర్యాద.

తెలుగున వ్రాయుటకు జంకవలదు. 1991 నుండియు యూనికోడులో మన లిపికి చోటు కలదు. ఉచితముగా దొరకు తెలుగక్షరములలో "ధూర్జటి" యను పేరు గలదియు నొకటున్నది. కాళహస్తీశ్వరునిపై శతకము చెప్పిన కవి పేర కాళహస్తి చిత్రములకు శీర్షిక వేసికొనుట ముచ్చటగా నుండును. దూరదేశపు కొనుగోలుదారులకై క్రింద నింగ్లీషున గూడ వ్రాయవచ్చును. ఇంటి చిరునామా మాత్రము వ్రాయకుడు. పనికొఱకు వేఱొక ఫోను సంఖ్య యుంచుకొనుట మేలు.

ఇక నొక్క విషయము. నాకు దెలిసిన యొక సోదరి సైటును వేఱొకరిచే జేయించుకొన్నది. చేసిన వారు డొమైను, అనగా సైటు పేరు, తమ పేరనే నమోదు చేయించుకొనిరి. మఱుసటి యేడు వారు పలుకలేదు. రుసుము కట్టువారు లేక సైటు మాయమైనది. పరిచయ పత్రములపై నచ్చొత్తించిన పేరు వృథాయైనది. కావున ఎవరు తయారుచేసినను డొమైనును మీ పేర, మీ యీమెయిలుతో నమోదు చేయించుకొనుడు. రహస్యపదమును మీరే యుంచుకొనుడు. ఏటేటా రుసుము కట్టవలసిన తేదిని పాలచీటీల ప్రక్కన, గోడ క్యాలెండరుపై వ్రాసికొన్న మఱవకుందురు.