కృత్రిమ మేధతో సాఫ్ట్‌వేర్ పరీక్షలు: ‘పింగ్విన్’ ఉపకరణం – ఫలిత నిర్ణయ సమస్య

పైథాన్ ప్రోగ్రాములకు పరీక్షలను స్వయంగా తయారుచేసే కమాండ్ లైన్ ఉపకరణం పింగ్విన్. జర్మనీలోని పాసావు విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని రూపొందించారు. ప్రోగ్రాము ఉన్న ఫోల్డరు, మాడ్యూలు పేరు, ఫలితాలను భద్రపరచవలసిన చోటు తెలిపితే, పరిణామాత్మక అన్వేషణ పద్ధతితో పరీక్షలను పుట్టించి, ప్రోగ్రాములోని ఎక్కువ భాగాలను స్పృశించేవాటిని నిలుపుకొంటుంది. ఈ క్రమంలో ప్రోగ్రామును నిజంగానే నడుపుతుంది కనుక ఫైళ్లు చెరిగిపోయే ప్రమాదం ఉంది. దానిని ప్రత్యేక కంటైనర్‌లో నడపడం క్షేమకరం.

అసలు చిక్కు ఫలిత నిర్ణయంలో ఉంది. ప్రోగ్రాము ఏమి చేస్తున్నదో ఉపకరణం గమనించగలదు; ఏమి చేయవలసి ఉన్నదో దానికి తెలియదు. ఉదాహరణకు, అక్షరాలను లెక్కించే ఫంక్షన్‌లో పైథాన్ ‘లెన్’ను మాత్రమే వాడారనుకుందాం. హల్లులను, గుణింతపు గుర్తులను అది విడివిడి యూనికోడ్ సంకేతాలుగా లెక్కిస్తుంది కనుక ‘తెలుగు’ అనే పదానికి 6 అని చెబుతుంది. తెలుగు పాఠకునికి అవి 3 అక్షరాలే. ఈ పదంతో పుట్టిన పరీక్ష 6నే సరైన జవాబుగా నమోదు చేసుకొంటుంది. తరువాత ఎవరైనా దోషాన్ని సవరిస్తే, ఆ పరీక్షే విఫలమవుతుంది.

కనుక ఇటువంటి పరీక్షలు ప్రోగ్రాములో వచ్చిన మార్పులను పసిగట్టడానికి ఉపకరిస్తాయి. వాటిలో నమోదైన జవాబులను విషయజ్ఞులు ఒక్కొక్కటిగా సరిచూసిన తరువాతనే ప్రమాణంగా స్వీకరించాలి.