వాపూ – బలుపూ

ఇరుసుకు కందెన లేనిదే బండి సాగదన్న సత్యం ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకూ తెలుసు. నేటి కారు ఇంజను ఆ ఇరుసు కన్న ఎన్నో రెట్లు సంక్లిష్టమైనది. అయినా ఆ సత్యం మారలేదు. సంస్కృతంలో ‘స్నేహం’ అనే పదానికి చమురు అనీ, చెలిమి అనీ రెండర్థాలున్నాయి. ఒరిపిడిని తొలగించి కలిసి నడిచేటట్లు చేయడం రెండింటికీ సమానధర్మం. ఇంజనులోని లోహభాగాల నడుమ ఆయిల్ పలుచని పొరగా నిలిచి ఈ ధర్మాన్ని నిర్వహిస్తుంది. ఆ పొర బలహీనపడుతున్నదా లేదా అన్న సంగతిని ముందుగా తెలిపేదే వాడిన ఇంజన్ ఆయిల్ పరీక్ష.

‘వాపును చూసి బలుపనుకోరాదు’ అని తెలుగువారి సామెత. కారు యజమాని డిప్‌స్టిక్ తీసి చూచినప్పుడు ఆయిల్ మట్టం తగ్గకపోతే సంతోషిస్తాడు. కొంత పెరిగి కనిపిస్తే ఇంజను మంచి స్థితిలో ఉన్నదని మురిసిపోతాడు. నిజానికి ఇంజనులో ఆయిల్ తనంత తాను పెరగదు. కాలక్రమంలో ఎంతో కొంత తరగడమే దానికి సహజం. పోసినప్పుడే ఎక్కువ పోయకుండా ఉంటే, మట్టం పెరిగిందనడానికి అర్థం అందులో వేరొక ద్రవం చేరిందనే. ఆ ద్రవం సాధారణంగా పెట్రోలు లేదా డీజిల్, అరుదుగా ఇంజనును చల్లబరచే కూలెంట్. ఇంధనం ఆయిల్‌లో కలవడాన్నే ‘ఇంధన మిశ్రమం’ అనవచ్చు.

ఇంధనం అక్కడికి ఎట్లా చేరుతుంది? నేటి టర్బో పెట్రోలు కార్లలో చాలావాటికి ఇంధనం నేరుగా సిలిండరులోకే చిమ్మబడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అది పూర్తిగా ఆవిరి కాదు. కొంత భాగం సిలిండరు గోడలకు అంటుకొని, పిస్టన్ రింగులను దాటి, అడుగున ఉన్న ఆయిల్‌లోకి జారుతుంది. టర్బో అధికంగా గాలిని నెట్టే కొద్దీ ఇంధనమూ అధికంగా చిమ్మవలసి వస్తుంది. డీజిల్ కార్లలో మరొక మార్గం ఉన్నది. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత కొత్త డీజిల్ కార్లలో పొగమసిని పట్టి ఉంచే ఫిల్టరు తప్పనిసరి అయింది. అందులో నిండిన మసిని కాల్చడానికి అనేక ఇంజన్లు అదనపు డీజిల్‌ను ఆలస్యంగా చిమ్ముతాయి. ఆ దహనం మధ్యలోనే ఇంజను ఆపుతూ వస్తే, మాటిమాటికీ చిమ్మిన డీజిల్‌లో కొంత ఆయిల్‌లో చేరుతుంది.

టర్బో ఉన్న కారుకు ఇది మరింత ప్రమాదకరం. టర్బోలోని సన్నని ఇరుసు నిమిషానికి లక్షకు మించిన చుట్లు తిరుగగలదు. దానిని మోసేది ఆయిల్ పొర మాత్రమే. ఆయిల్ పలుచబడితే ఆ పొర తెగి లోహం లోహాన్ని ఒరుసుకొంటుంది.

తిరుపతి పరిసరాలు ఈ విషయానికి చక్కని ఉదాహరణలు. రైల్వే స్టేషను పరిసరాల నుండి అలిపిరి వరకు గల కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఆగుతూ సాగుతూ వెళ్లే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. అటువంటి చిన్న ప్రయాణాలే ఇంధన మిశ్రమానికి మూలం. 1944లో తొలి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ఏర్పడిన తిరుమల కొండదారిలో పరిస్థితి వేరు. ఎడతెగని ఎక్కుడులో ఆయిల్ బాగా కాగి, అందులోని పెట్రోలు చాలావరకు ఆవిరైపోతుంది. చిత్తూరు నుండి తిరుపతికి ఆగకుండా సాగే సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణమూ అటువంటిదే. డీజిల్ మాత్రం అంత సులభంగా ఆవిరి కాదు. ఒకే పెట్రోలు కారు నుండి వారం రోజుల ఊరి తిరుగుళ్ల తరువాత తీసిన నమూనా ఒకటి చెప్పవచ్చు; కొండకు వెళ్లి వచ్చిన వెంటనే తీసిన నమూనా మరొకటి చెప్పవచ్చు. రెండూ నిజాలే. కారు నడిచిన తీరు తెలియనిదే నివేదికకు అర్థం లేదు.

ఈ పరీక్ష కార్ల కోసం పుట్టినది కాదు. 1946లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వే సంస్థ, డీజిల్ రైలింజన్ల ఆయిల్‌లోని లోహకణాలను వర్ణపట పద్ధతిలో పరీక్షించి అరుగుదలను ముందే గుర్తించింది. భారతీయ రైల్వేల డీజిల్ షెడ్లలోనూ ఈ పద్ధతి ప్రవేశించింది.

ఆయిల్ నివేదిక రక్తపరీక్ష నివేదిక వంటిది. అందులో ముందుగా చూడవలసినది చిక్కదనం. ‘30’ తరగతి ఆయిల్‌కు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద చిక్కదనం 9.3 నుండి 12.5 సెంటిస్టోక్స్ లోపు ఉండాలి. ఇంధనం కలిస్తే ఇది తగ్గుతుంది. ఆవిరులు నిప్పంటుకొనే ఉష్ణోగ్రత అయిన ఫ్లాష్ పాయింటు కూడా దిగుతుంది. ఇంధనం 2 శాతం దాటితే జాగ్రత్తపడాలనీ, 5 శాతానికి చేరితే ఆయిల్ మార్చాలనీ చెప్పడం సాధారణ పరిపాటి. తరువాతివి లోహాలు. ఇనుము సిలిండర్ల, ఇరుసుల అరుగుదలను, అల్యూమినియం పిస్టన్ల అరుగుదలను, రాగి, సీసం బేరింగుల అరుగుదలను సూచిస్తాయి. సిలికాన్ పెరిగితే దుమ్ము చొరబడినదేమో చూడాలి. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ కలిసిందేమో అనుమానించాలి.

ఇక్కడ ఒక మోసం పొంచి ఉంటుంది. ఇంధనం ఆయిల్‌ను పలుచన చేస్తే, మసి, అధికోష్ణం దానిని చిక్కబరుస్తాయి. రెండు దోషాలూ ఒకేసారి ఉంటే చిక్కదనం అంకె చక్కగానే కనిపిస్తుంది. అందువల్ల ఏ ఒక్క అంకెనూ నమ్మి తీర్పు చెప్పరాదు.

ఒక కారును ఊహించుకొందాం. 5,000 కిలోమీటర్లు నడిచిన ఆయిల్‌లో చిక్కదనం 8.6, ఇంధనం 4.5 శాతం, ఇనుము పది లక్షల భాగాలలో 14 భాగాలు అని తేలింది. ఇనుము స్వల్పమే కనుక ఇంజను ఇంకా గాయపడలేదు. కాని ఆయిల్ తన తరగతి నుండి జారిపోయింది. యజమాని ఆయిల్ మార్చి, చిన్న పనులకు కారు తీయడం తగ్గించి, వారానికొకసారి దూరప్రయాణం చేశాడు. అంతే దూరానికి తీసిన రెండవ నమూనాలో ఇంధనం 1.5 శాతానికి దిగితే దోషం అలవాటుదని తెలుస్తుంది. దిగకపోతే కారుతున్న ఇంజెక్టరును వెదకాలి. మొదటి నివేదిక ప్రశ్నను మాత్రమే లేవనెత్తింది. సమాధానం రెండవ నివేదికలో దొరికింది.

కనుక నమూనాను వెచ్చని ఇంజను నుండి, శుభ్రమైన సీసాలో, ప్రతిసారీ ఒకే తీరున తీయాలి. ఆయిల్ ఎన్ని కిలోమీటర్లు నడిచినది, మధ్యలో ఎంత పోసినది రాసి ఉంచాలి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగిన నాడు సంతోషించక, ఆ ఆయిల్ వాసన చూడాలి. పెట్రోలు వాసన వస్తే అది బలుపు కాదు, వాపు.